"ఇంతకీ బస్సు వచ్చిందా?"

(సెమిస్టర్ చివరి పనిదినాన నెల్లూరులోని ఒక డిగ్రీ కళాశాలలో తుది సంవత్సరం బీఏ విద్యార్థిని చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

ప్రిన్సిపల్ గారికి, మా అధ్యాపకులకు, గ్రంథాలయానికి తాళం వేసి మరీ వచ్చి వెనుక వరుసలో కూర్చున్న మేడమ్ గారికి నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకూ నమస్కారం. తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నవాళ్లు కూడా కాస్త లోపలికి రండి. మీ బస్సు తప్పిపోనివ్వను. ఈ సెమిస్టర్‌లో నేను నేర్చుకున్నదంతా మీ బస్సు చుట్టూనే తిరుగుతుంది. అందుకే ఆ మాట ముందే ఇస్తున్నాను.

"క్యాంపస్ జీవితం, మీడియా" అని నాకు విషయం ఇచ్చారు. మీడియా అనగానే మనకు ఏమి గుర్తుకొస్తుంది? టీవీ, పేపరు, చేతిలో ఫోను. వాళ్లెవరో చూపిస్తారు, మనం చూస్తాం. వాళ్లెవరో రాస్తారు, మనం చదువుతాం. లేదా చదవకుండానే ఇంకొకరికి పంపుతాం. సెమిస్టర్ మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎందుకు అనుకోవడం లేదో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

తరగతులు మొదలైన కొత్తలోనే రొట్టెల పండగ వచ్చింది. నెల్లూరులో చదువుకునేవాళ్లకు దాని గురించి నేను చెప్పనక్కరలేదు. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడో, ఆ తర్వాతో వచ్చి రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె. మొహర్రం రోజుల్లో మతం, కులం అడగకుండా జనం ఒకరి చేతిలోంచి ఒకరు రొట్టె అందుకుంటారు. మన చరవాణుల్లో ఆ పండగ ఎలా కనిపించింది? పైనుంచి తీసిన జనం. ఇసుక వేస్తే రాలనంత జనం. అది నిజమే. కానీ అందులో మనిషి ఒక చుక్కంత కూడా కనిపించలేదు.

మేం ఐదుగురం ఒక నోటుపుస్తకం పట్టుకుని వెళ్లాం. చదువు రొట్టెలు మార్చుకునే చోట మోకాలి లోతు నీళ్లలో ఒకావిడ నిలబడి ఉంది. స్టీలు పళ్లెంలో రొట్టెలు, వాటిపైన తడవకుండా తువ్వాలు. ఎంతసేపటి నుంచి నిలబడిందో ఏమో, వేళ్ల చివర్లు నీటికి ముడతలు పడిపోయాయి. తన కూతురి నర్సింగు చదువు కోసం రొట్టె తీసుకుందట. కూతురు చదువు పూర్తి చేసిందట. ఇప్పుడు ఇవ్వడానికి వచ్చింది. మన వయసు అమ్మాయి ఒకతె చేయి చాచింది. ఆవిడ రొట్టె పెట్టింది, కానీ వెంటనే వదల్లేదు. రెండు చేతులూ ఒకే రొట్టె మీద ఉండగా, "నీ కోరిక తీరాక నువ్వూ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి, మర్చిపోకు" అంది. ఆ అమ్మాయి తల ఊపిన తర్వాతే వదిలింది.

మేం ఆవిడ కూతురి పేరు అడిగాం. ఆవిడ ముఖం వెలిగిపోయింది. పొద్దుటి నుంచి ఎందరో ఫొటోలు తీశారు, నా బిడ్డ పేరు అడిగినవాళ్లు మీరే అంది. ఆ మాట నా నోటుపుస్తకంలో ఇప్పటికీ ఉంది. నీటి చుక్కలు పడి సిరా కాస్త పాకింది, కానీ ఉంది.

అలా పుట్టింది మన గోడపత్రిక. గోడపత్రిక అంటే సినిమా పోస్టర్ అనుకునే కాలం కాబట్టి కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. నాలుగు చార్టు కాగితాలు, స్కెచ్ పెన్నులు, గుండుసూదులు. గ్రంథాలయం మెట్ల పక్కన ఉన్న పాత నోటీసు బోర్డు. అంతే. మాలో ఒకరి చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, ఆమె రాసేది. మేం తిరిగి తెచ్చేవాళ్లం. ఒక్క నియమం పెట్టుకున్నాం. ప్రతి వార్త కింద ఎవరు వెళ్లారో, ఎవరిని అడిగారో, ఏ రోజు అడిగారో రాయాలి. పేరు లేని వార్త గోడ ఎక్కకూడదు.

ఈ నియమం మా తెలివి కాదు. ఒక మండల విలేకరి మాకు గంటసేపు పాఠం చెప్పారు. మీరు గమనించారా, జిల్లా పేజీల్లో వచ్చే చిన్న చిన్న వార్తలు ఎవరు రాస్తారో? చాలామందికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్త కొలతను బట్టి నాలుగు రూపాయలు వస్తాయి. ఎండలో, వానలో సొంత బండి మీద తిరుగుతారు. ఆయన మాకు చెప్పిన మొదటి మాట, "ముందు మనిషి పేరు, ఇంటిపేరు సరిగా రాసుకోండి. పేరు తప్పు రాసినవాడు మిగిలింది ఒప్పు రాశాడంటే ఆ మనిషి నమ్మడు." ఎంత పెద్ద మాట ఇది!

మేడమ్ గారు మాకు ఇంకో సంగతి చూపించారు. మన నెల్లూరు నుంచే వచ్చే 'జమీన్ రైతు' వారపత్రిక. స్వాతంత్ర్యానికి చాలా ముందు, 1930 ప్రాంతంలో, జమీందారీల కింద నలిగిన రైతుల పక్షాన మొదలైన పత్రిక. మద్రాసులో కాదు, బెజవాడలో కాదు, ఇక్కడ. ఒంగోలు నుంచి వచ్చిన మిత్రులు ఊరుకోరు కాబట్టి వాళ్ల ప్రకాశం గారి మాట కూడా చెప్పాలి. న్యాయవాదిగా రెండు చేతులా సంపాదిస్తున్న వృత్తిని వదిలి 1921లో 'స్వరాజ్య' పత్రిక పెట్టారు. ఉన్నదంతా అందులో పోశారు. పత్రిక అనేది ఎక్కడో పెద్ద ఊళ్లో పుట్టి మన దగ్గరికి వచ్చే వస్తువు అని నేను అనుకునేదాన్ని. మన నేల మీద పత్రికలు పుట్టాయి, మన మనుషులు పత్రికల కోసం ఆస్తులు కరగదీశారు. నాకు ఇది డిగ్రీ చివరి ఏడాదిలో తెలిసింది. మీకు మొదటి ఏడాదిలోనే తెలియాలని చెబుతున్నాను.

ఇక బస్సు సంగతికి వస్తాను.

మొదటి సంచికలో అన్నిటికన్నా పైన పెట్టిన వార్త అదే. "బస్సులు సమయానికి రాక విద్యార్థినుల అవస్థలు" అని శీర్షిక. పెన్న అవతలి ఊళ్లకు వెళ్లే అమ్మాయిలు సాయంత్రం బస్సు దొరక్క చీకటి పడ్డాక ఇళ్లకు చేరుతున్నారు. మా స్నేహితురాలే అందులో ఒకతె. శీర్షిక ఎర్ర సిరాతో రాశాం. భోజన విరామంలో టిఫిను డబ్బాలు చేత్తో పట్టుకుని అందరూ నిలబడి చదివారు. మాకు గర్వంగా అనిపించింది. రెండో సంచిక పెట్టినప్పుడు మొదటిదాన్ని జాగ్రత్తగా తీసి మడతపెట్టుకున్నాను, దసరా సెలవులకు ఊరు తీసుకెళ్లాను. అమ్మమ్మకు చూపించాలని.

మాది కలిగిరి మండలం. దూబగుంట మాకు దగ్గరి ఊరు. దూబగుంట పేరు మీలో ఎంతమంది విన్నారు? చేతులెత్తండి... ఎత్తనివాళ్ల కోసం చెబుతున్నాను. ఎత్తినవాళ్లు కూడా వినండి, ఎందుకంటే మనకు పరీక్షలో వచ్చే రెండు మార్కుల జవాబు కాదు అది.

1991లో మన జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పొద్దంతా కూలికి వెళ్లి వచ్చిన ఆడవాళ్లు రాత్రి లాంతరు వెలుతురులో పలక పట్టారు. వాళ్ల వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం. భర్త కూలి డబ్బంతా సారాకు పోస్తాడు, సీతమ్మ తోటి ఆడవాళ్లను కూడగట్టి సారా కొట్టును ఆపిస్తుంది. ఆ పాఠం చదివి దూబగుంట ఆడవాళ్లు ఏమనుకున్నారు? ఇది మన కథే కదా అనుకున్నారు. ఊళ్లో సారా కొట్టు మూయించారు. ఆ ఆడవాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ గారి పేరు అలా దేశానికి తెలిసింది. చూడండి, ఇక్కడే నాకు ఒళ్లు పులకరిస్తుంది. దూబగుంటలో జరిగింది మళ్లీ ఒక పాఠం అయింది. 'ఆడవాళ్లు ఏకమైతే' అని. దాన్ని ఇంకో ఊరివాళ్లు చదివారు, వాళ్లూ లేచారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. అప్పుడు పత్రికలు అందుకున్నాయి. 'ఈనాడు' రోజూ ఆ వార్తలకు చోటిచ్చింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. అది వేరే సంగతి, దాని గురించి ఇంకోరోజు మాట్లాడుకోవాలి. నేను చెప్పేది ఏమిటంటే, అంతకన్నా ముందు ఒక చిన్న పాఠం ఉంది. ఆ పాఠంలో ఆడవాళ్లకు తమ ఇల్లు కనిపించింది. తమ గడప కనిపించింది.

మా అమ్మమ్మ ఆ రాత్రి బడిలో చదువుకున్న మనిషి. ఇప్పటికీ అక్షరం కింద వేలు పెట్టి చదువుతుంది. నేను తీసుకెళ్లిన చార్టు కాగితాన్ని మంచం మీద పరిచింది. కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర అక్షరాల కింద వేలు జరుపుకుంటూ పైకి చదివింది. అవస్థలు అనే మాట దగ్గర రెండుసార్లు ఆగింది. మొత్తం చదివాక కళ్లజోడు తీసి నన్ను అడిగింది.

"ఇంతకీ బస్సు వచ్చిందా?"

లేదు అమ్మమ్మా అన్నాను.

"ఎన్ని గంటలకు రావాలి?"

తెలియదు.

"ఎన్ని గంటలకు వస్తోంది?"

తెలియదు.

"ఎంతమంది పిల్లలు ఆగిపోతున్నారు?"

చాలామంది అన్నాను.

"చాలామంది అంటే ఎంతమందమ్మా?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "సారా కొట్టు దగ్గరికి పోయేముందు మేం ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసుకున్నాం. ఎవరి ఇంట్లో రోజుకు ఎంత పోతోందని. నేను రాసిన మొదటి లెక్క అదే" అంది. కాగితాన్ని మళ్లీ నా మడతల్లోనే మడిచి నా చేతిలో పెట్టింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పేపర్లలో వందసార్లు చదివిన మాటను తెచ్చి ఎర్ర సిరాతో రాశాం. అవస్థలు అన్నాం. సమయానికి రాక అన్నాం. ఎవరైనా స్టాపు దగ్గర నిలబడి చూశామా? కింద పేర్లు రాశాం, నిజమే. ఎవరిని అడిగాం? మా స్నేహితురాలిని. ఒక్కతెను.

సెలవుల తర్వాత ఆరు రోజులు, సోమవారం నుంచి శనివారం వరకు, ఇద్దరిద్దరం వంతులు వేసుకుని కళాశాల ముందు స్టాపులో నిలబడ్డాం. మూడున్నర నుంచి ఆరున్నర వరకు. వచ్చిన ప్రతి బస్సు రాసుకున్నాం. ఏ ఊరి బోర్డు, ఎన్ని గంటలకు, ఎంతమంది ఎక్కారు, ఎంతమంది మిగిలారు. ఏమి తేలిందో తెలుసా? ఆ బస్సు ఆరు రోజుల్లో ఐదు రోజులు సరిగ్గా నాలుగూ పదికి వచ్చింది. ఒక్కరోజు నాలుగూ పద్నాలుగుకు. బస్సు సమయానికే వస్తోంది. మన చివరి తరగతి నాలుగూ ఇరవైకి వదులుతారు. తర్వాతి బస్సు ఆరుంపావుకు. పదినిమిషాల తేడాకు ముప్పై నాలుగు మంది అమ్మాయిలు రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడుతున్నారు.

మా శీర్షిక అబద్ధం. బస్సులు సమయానికి రాక అని రాశాం కదా, అది అబద్ధం. ఎవరినో బాధపెట్టాలని రాయలేదు. అలవాటైన మాట చేతికి వచ్చింది, రాసేశాం. కానీ అబద్ధం అబద్ధమే. మూడో సంచికలో అదే చోట, అదే ఎర్ర సిరాతో, అంతే పెద్ద అక్షరాలతో "మేం తప్పు రాశాం" అని పెట్టాం. కింద ఆరు రోజుల పట్టిక పెట్టాం.

ప్రిన్సిపల్ గారు ఆ పట్టిక ముందు నిలబడి చదవడం నేను చూశాను. రెండు రోజుల తర్వాత భోజన విరామం గంట నుంచి నలభై నిమిషాలకు తగ్గింది, చివరి తరగతి నాలుగింటికి ముగుస్తోంది. సర్, మీకు అందరి తరఫున కృతజ్ఞతలు. నేను ఆ రాత్రే ఫోను చేశాను. అమ్మమ్మ అడిగింది ఒకటే మాట, "అందరూ ఎక్కారా?" అని. అందరూ ఎక్కలేదు. సైన్సు వాళ్లకు గురువారం ల్యాబు ఐదింటి దాకా ఉంటుంది. ఆ పదకొండు మంది సంగతి ఇంకా తేలలేదు.

ఇంత నేర్చుకున్నాక కూడా నేను ఇంకో తప్పు చేశాను. అది కూడా ఇక్కడే చెప్పాలి.

నవంబరులో వాయుగుండం పట్టింది గుర్తుందా? మన జిల్లాకు అసలు వానలు అప్పుడే కదా. రాత్రి తొమ్మిదిన్నర దాటాక నా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. రేపు విద్యాసంస్థలకు సెలవు అని ఉత్తర్వు. ముద్ర ఉంది, సంతకం ఉంది. బయట వాన కురుస్తోంది. నమ్మకపోవడానికి ఏముంది? నాలుగు గ్రూపులకు పంపాను. ఎంతసేపు పట్టింది? బొటనవేలు నాలుగుసార్లు కదిలినంతసేపు.

ఆ ఉత్తర్వు పాతది. పై అంచు కత్తిరించి ఉంది. తేదీ ఉండాల్సిన చోటు అదే. అది బడులకు మాత్రమే ఇచ్చిన సెలవు, ఆ మాట రెండో వాక్యంలోనే ఉంది. నేను మొదటి వాక్యం మాత్రమే చదివాను. మరుసటి రోజు మనకు ఇంటర్నల్ పరీక్ష జరిగింది. నా మాట నమ్మి ఇద్దరు రాలేదు. అందులో ఒకతె నాన్నగారి ఆరోగ్యం బాగాలేకపోయినా ఒక్క తరగతి కూడా మానకుండా వస్తున్న అమ్మాయి. నేను అధ్యాపకుల గదికి వెళ్లి, తప్పు నాది అని చెప్పాను. ఆ ఇద్దరికీ మళ్లీ పరీక్ష పెట్టారు. పెట్టకపోయి ఉంటే? ఆ ప్రశ్న నన్ను వదలదు.

దిద్దుబాటు కూడా ఆ నాలుగు గ్రూపులకే పంపాను. మొదటి సందేశానికి చేతులెత్తి దండాలు, చప్పట్ల బొమ్మలు వరుసగా వచ్చాయి. దిద్దుబాటుకు ఇద్దరు బదులిచ్చారు. గోడ మీద "మేం తప్పు రాశాం" అన్నది పదిహేను రోజులు కదలకుండా నిలబడింది. ఫోనులో అదే మాట పుట్టినరోజు శుభాకాంక్షల కింద గంటలో మునిగిపోయింది. ఎందుకిలా? గోడ మీద రాయాలంటే కాగితం తేవాలి, పెన్ను తేవాలి, కింద నా పేరు రాయాలి. పేరు రాసే ముందు చేయి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం ఫోనులో లేదు. మనమే తెచ్చుకోవాలి.

ఆ తర్వాత నాలుగో సంచిక మొత్తం వాన మీదే పెట్టాం. కృష్ణపట్నం ఓడరేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక అని ఏటా వింటాం, వినగానే గుండె ఝల్లుమంటుంది. ఒకటో నంబరు అంటే ఏమిటి? సముద్రంలో దూరాన వాయుగుండం లాంటిది ఉంది, ఓడరేవుకు ఇప్పటికిప్పుడు ముప్పు లేదు అని. మొత్తం పదకొండు ఉన్నాయి. పదో నంబరు మహా ప్రమాదం. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు మనలో చాలామందిమి బడి పిల్లలం. ఆ రోజుల్లో ఏ మాట నిజమో తెలియక పెద్దవాళ్లు ఎంత అల్లాడారో మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి రాత్రి కత్తిరించిన ఉత్తర్వు ఒకటి, చెరువు కట్ట తెగిందనే మాట ఒకటి చేతులు మారితే ఏమవుతుంది? పోయేది ఇంటర్నల్ మార్కులు కాదు.

టైము మూడున్నర దాటింది, నాకు తెలుసు. ఇంకొక్క మాట.

సోమవారం నుంచి పరీక్షలు. వచ్చే సెమిస్టర్‌లో మా తుది సంవత్సరం వాళ్లం ఇంటర్న్‌షిప్‌లకు వెళ్లిపోతాం. గోడపత్రికకు మనుషులు కావాలి. ముత్యాల్లాంటి చేతిరాత లేకపోయినా ఫరవాలేదు. స్టాపులో నిలబడేవాళ్లు కావాలి. నోటుపుస్తకాలు, మిగిలిన చార్టులు, గుండుసూదుల డబ్బా మేడమ్ గారి దగ్గర పెట్టాం.

తలుపు పక్కన బల్ల మీద ఒక కాగితం ఉంది. గురువారం ల్యాబు తర్వాత ఏ ఊరికి వెళ్లాలి, ఇంటికి ఎన్ని గంటలకు చేరుతున్నారు అని రెండు గళ్లు గీసి ఉన్నాయి. ఇప్పటికి ఏడుగురు రాశారు. ఇంకా నలుగురు రాయాలి. ఆ నలుగురూ ఈ మందిరంలోనే ఉన్నారు. పెన్ను దారంతో కట్టి ఉంది. రాసి వెళ్లండి, నాలుగూ పది బస్సుకు ఇంకా టైము ఉంది.